సినగాగ్ గుమ్మం దగ్గర కాపలా: ప్రార్థన ఆగకుండా చూసుకోవడం ఎలా

2019 అక్టోబర్ 9, యోమ్ కిప్పూర్. యూదులకు ఏడాదిలో అంతకు మించిన పవిత్ర దినం లేదు. జర్మనీలోని హాలె నగరపు యూదు ప్రార్థనా మందిరం, అంటే సినగాగ్‌లో 50 మందికి పైగా ఉపవాసంతో ప్రార్థన చేసుకుంటున్నారు. తుపాకీతో వచ్చిన దుండగుడు తలుపు మీద కాల్పులు జరిపాడు, పేలుడు పదార్థాలు విసిరాడు. తాళం వేసిన ఆ తలుపు ఊడి రాలేదు. లోపలివాళ్లు కెమెరా తెర మీద అతన్ని చూసి, చేతికి దొరికిన సామానంతా తలుపుకు అడ్డం పెట్టుకున్నారు. వాళ్లు బతికారు. లోపలికి చొరబడలేక అతను బయట ఇద్దరిని చంపాడు.

2025 అక్టోబర్ 2, అదీ యోమ్ కిప్పూరే. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో హీటన్ పార్క్ సినగాగ్ బయట ఒకడు జనం మీదికి కారు తోలి, దిగి కత్తితో దాడి చేశాడు. యూదు మతగురువైన రబ్బీ, సభ్యులు తలుపులు మూసి, ఒళ్లు ఆనించి బలంగా పట్టుకున్నారు. అతను లోపలికి రాలేకపోయాడు. కానీ ఆరోజు చనిపోయిన ఇద్దరిలో ఒకరికి తగిలింది దుండగుణ్ని ఆపడానికి పోలీసులు పేల్చిన తూటా. ఆయన తలుపు వెనకే ఉన్నారు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మొదట చేయాల్సిన పని తెలిసిపోతుంది. తలుపు గట్టిగా ఉండాలి. దాన్ని ఆపడానికి మనిషి తన ఒంటిని అడ్డం పెట్టాల్సిన అవసరమే రాకూడదు. కెమెరాలు, అలారాలు, కంచెలు అన్నీ ఆ తర్వాతే. ఇక్కడ రాస్తున్నది 50 నుంచి 300 మంది సభ్యులున్న సినగాగ్‌ల కోసం. భద్రతా కమిటీ అంటే ఇద్దరు ముగ్గురు వాలంటీర్లే ఉండే చోట్ల కోసం.

ముందు నడిచి చూడండి

ఏమీ కొనకముందు భవనం చుట్టూ రెండుసార్లు నడవండి. ఒకసారి వారం మధ్యలో, ఎవరూ లేనప్పుడు. రెండోసారి యూదుల విశ్రాంతి దినమైన షబ్బాత్ ఉదయం, అంటే శనివారం, ప్రార్థనకు 20 నిమిషాల ముందు. మొదటిసారి కనబడేది భవనం, రెండోసారి కనబడేది అలవాట్లు. లోపాలు ఎక్కువగా దొరికేది రెండోసారే. వంటగది తలుపు కింద చెక్కముక్క పెట్టి ఉంటుంది, సామాను తెచ్చేవాళ్ల సౌకర్యం కోసమని. పిల్లల గది వైపు తలుపు గాలి కోసం బార్లా తెరిచి ఉంటుంది. ముందు తలుపు దగ్గర ఉండాల్సిన మనిషి యూదుల పవిత్ర గ్రంథం తోరా చదవడం మొదలుకాగానే లోపలికి వెళ్లి కూర్చుంటాడు.

రోడ్డు దగ్గర మొదలుపెట్టి తోరా చుట్టలుండే పవిత్ర బీరువా దాకా వెళ్లండి. దారిలో ప్రతి తలుపు దగ్గరా ఆగి నాలుగు సంగతులు రాసుకోండి. ఇది బయటి నుంచి తెరుచుకుంటుందా? లోపలి నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకుంటుందా? మూయడానికి ఎన్ని సెకన్లు పడుతుంది? దీని బాధ్యత ఎవరిది? నాలుగో ప్రశ్నకు ఎవరి పేరూ లేని తలుపే అన్నిటికంటే బలహీనమైన తలుపు.

ఈ నడక ఒంటరిగా చేయనక్కర్లేదు. అమెరికాలో సెక్యూర్ కమ్యూనిటీ నెట్‌వర్క్, చాలా నగరాల్లో యూదు ఫెడరేషన్‌కు ఉండే భద్రతా డైరెక్టర్, బ్రిటన్‌లో కమ్యూనిటీ సెక్యూరిటీ ట్రస్ట్, ఫ్రాన్స్‌లో 1980లో పారిస్ ర్యూ కోపర్నిక్ సినగాగ్ మీద జరిగిన బాంబు దాడి తర్వాత ఏర్పడిన యూదు రక్షణ సంస్థ ఎస్‌పీసీజే ఇందుకోసమే ఉన్నాయి. స్థానిక పోలీసులను కూడా పిలవండి. సలహా ఒక్కటే కాదు, భవనం లోపలి దారులు వాళ్లకు ముందే తెలుస్తాయి. ఆపద రోజున వచ్చే పోలీసుకు వంటగది ఎటువైపో తెలిసి ఉండటం చాలా పెద్ద మేలు.

తలుపు

ప్రార్థన సమయంలో లోపలికి రావడానికి దారి ఒక్కటే ఉండాలి. మిగతావన్నీ బయటి నుంచి తాళం, లోపలి నుంచి నెడితే తెరుచుకునేలా అడ్డపట్టీ. దీన్ని పానిక్ బార్ అంటారు. ఆ తలుపులకు గొలుసులు మాత్రం ఎప్పుడూ కట్టకండి. లోపల మంటలు లేస్తే ఆ గొలుసే చంపుతుంది. 2024 డిసెంబర్ 6న మెల్‌బోర్న్‌లోని అదాస్ ఇజ్రాయెల్ సినగాగ్‌ను తెల్లవారుజామున తగలబెట్టారు. నిప్పు కూడా దాడిలో భాగమేనని గుర్తుంచుకుని తాళాలు ఎంచుకోవాలి. కొత్త తాళం బిగించే ముందు అగ్నిమాపక శాఖతో మాట్లాడండి.

పాత భవనాల్లో తలుపు చెక్క గట్టిగానే ఉంటుంది, బలహీనత ద్వారబంధంలో ఉంటుంది. గడియ వెళ్లి దిగే ఇనుప పలకను చాలాచోట్ల ముప్పావు అంగుళం మరలతో బిగిస్తారు. ఒక గట్టి తన్ను పడితే ఆ మరలు చెక్కను చీల్చుకుని బయటికొస్తాయి. వాటిని తీసి 3 అంగుళాల మరలు బిగిస్తే అవి చట్రం దాటి లోపలి దూలంలోకి దిగుతాయి. బందులకూ అదే పని చేయండి. ఒక మధ్యాహ్నంలో అయిపోయే పని ఇది, ఖర్చు నామమాత్రం. ఇంత తక్కువలో ఇంత లాభం ఇచ్చేది భద్రతలో ఇంకొకటి లేదు.

తలుపుకు గానీ పక్కన గానీ అద్దం ఉంటే సెక్యూరిటీ ఫిల్మ్ అతికించండి, మందం 8 మిల్, అంటే సుమారు 200 మైక్రాన్లు. ఇక్కడే చాలామంది మోసపోతారు. ఫిల్మ్ తూటాను ఆపదు. అద్దం పగిలినా ముక్కలు రాలకుండా పట్టుకుని, చొరబడేవాడికి కొంత ఆలస్యం కలిగిస్తుంది, అంతే. అదైనా జరగాలంటే ఫిల్మ్ అంచులను చట్రానికి అతికించాలి. అద్దం మీద మాత్రమే వేసి వదిలేస్తే నాలుగు దెబ్బలకు అద్దమంతా ఒకే పలకలా ఊడి లోపల పడుతుంది. బిల్లులో "అంచు బిగింపు" పని ఉందో లేదో అడిగి చూడండి.

షబ్బాత్ తాళం వేరే సమస్య. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం రాత్రి నక్షత్రాలు కనబడేదాకా ఆచారం పాటించేవాళ్లు విద్యుత్ పరికరాలు వాడరు. కార్డు గీకితే తెరుచుకునే తలుపు పెడితే సభ్యులు దాన్ని వాడలేరు, చివరికి ఎవరో ఆ తలుపు తెరిచి పెట్టేస్తారు. లక్షలు పోసి పెట్టిన తాళం వారంలో సరిగ్గా అవసరమైన రోజే పనిచేయదన్నమాట. పూర్తిగా యంత్రం మీద నడిచే బటన్ తాళాలు ఉన్నాయి, వాటికి బ్యాటరీ, కరెంటు అక్కర్లేదు. అంకెల వరస నొక్కి పిడి తిప్పితే తెరుచుకుంటాయి. దాని కోడ్‌ను కనీసం మూడు నెలలకోసారి మార్చండి. కొత్త కోడ్‌ను మూడు వందల మంది ఉన్న వాట్సాప్ గుంపులో పెట్టకండి, మనిషికి మనిషి చెప్పండి. అయస్కాంత తాళాలున్న చోట ఇంకో సంగతి చూడాలి: కరెంటు పోతే అవి మామూలుగా వదిలేస్తాయి. మీ తాళం కరెంటు పోయినప్పుడు ఏం చేస్తుందో మెయిన్ స్విచ్ ఆపి ఒకసారి పరీక్షించండి.

ప్రార్థనా మందిరం తలుపుకు లోపలి నుంచి, తాళంచెవి లేకుండా, ఒక్క చేత్తో పడే గడియ ఉండాలి. 80 ఏళ్ల పెద్దావిడ చేతికి కూడా 10 సెకన్లలో పడాలి. పడకపోతే గడియ మార్చండి. గడియ వేశాక ఎవరూ తలుపుకు ఎదురుగా నిలబడకూడదు, పక్కన గోడ వెనక్కి జరగాలి. మాంచెస్టర్ నేర్పిన ఈ ఒక్క మాటను వాలంటీర్లందరికీ నోటికి వచ్చేలా చెప్పండి.

బయట కారు దూసుకొచ్చే వీలుంటే ఇనుప స్తంభాలు వేస్తారు. రెండు స్తంభాల మధ్య ఖాళీ 1.2 మీటర్లు మించకూడదు. మించితే చిన్న కారు దూరుతుంది, మరీ తగ్గిస్తే చక్రాల కుర్చీ పట్టదు. పరీక్షించి రేటింగ్ ఇచ్చిన స్తంభాలే కొనండి. అందం కోసం పెట్టే స్తంభాల పునాది లోతుగా ఉండదు, గుద్దితే పెకలించుకు వస్తాయి.

గుమ్మంలో మనిషి

గుమ్మం దగ్గర ఎప్పుడూ ఇద్దరు ఉండాలి. ఒకరు బయట పలకరించడానికి, ఒకరు లోపల గడియ మీద చేయి పెట్టుకుని ఉండటానికి. లోపలి మనిషి పని ఒక్కటే: బయటి మనిషి చెప్పిన మాట వినగానే మూయడం. ఆ మాట ముందే అనుకోండి, చిన్నదిగా ఉండాలి. "మూయండి" చాలు. సంకేత భాషలు పెట్టుకుంటే భయంలో అవి గుర్తురావు. ఇంకో ప్రశ్న ఉంది, ముందే తేల్చుకోవాలి: బయటి మనిషి బయటే ఉండిపోతే? అతను లోపలికి రావాలా, పక్కకు పరుగెత్తాలా? 2015 ఫిబ్రవరిలో కోపెన్‌హాగన్ మహా సినగాగ్ లోపల ఒక అమ్మాయి ధర్మ బాధ్యతలు స్వీకరించే వయసుకు వచ్చినందుకు చేసే బాత్ మిత్స్వా వేడుక జరుగుతుండగా, బయట కాపలా ఉన్న వాలంటీర్ డాన్ ఉజాన్ కాల్పుల్లో ప్రాణాలు కోల్పోయాడు. బయట నిలబడేవాళ్లకు మనం రుణపడి ఉంటాం. వాళ్లకు తప్పుకునే దారి చూపించకుండా అక్కడ నిలబెట్టడం న్యాయం కాదు.

వంతు 30 నుంచి 45 నిమిషాలు చాలు. అంతకు మించితే చూపు చెదిరిపోతుంది. కాపలా ప్రార్థనకు 30 నిమిషాల ముందు మొదలై, ఆఖరి మనిషి ఇంటిదారి పట్టేదాకా ఉండాలి. చేతిలో ప్రార్థన పుస్తకం ఉండకూడదు. పుస్తకం చేతిలో ఉంటే కళ్లు పుస్తకంలోనే ఉంటాయి. కాపలా వాళ్లు ముందు జరిగే ప్రార్థనకు వెళ్లొచ్చేలా, లేదా తర్వాత చేసుకునేలా పట్టిక వేయండి. ప్రార్థన వదులుకుంటున్నామన్న బాధ వాళ్లకు ఉండకూడదు. ఆ బాధ ఉన్నచోట రెండు నెలల్లో పట్టిక ఖాళీ అవుతుంది.

ఇక పలకరింపు. వచ్చిన ప్రతివారికీ కళ్లలోకి చూసి "షబ్బాత్ షాలోమ్" చెప్పండి. ముఖం, చేతులు, సంచి, ఆ వరసలో చూడండి. కొత్తవారైతే రెండు మూడు మామూలు ప్రశ్నలు: ఇంతకుముందు మా దగ్గరికి వచ్చారా? ఎవరైనా తెలిసినవాళ్లున్నారా? ఏ సందర్భంగా వచ్చారు? మామూలుగా వచ్చినవాళ్లకు ఈ ప్రశ్నలు ఆప్యాయతగానే వినిపిస్తాయి. "చనిపోయిన మా నాన్నగారి కోసం కద్దీష్ ప్రార్థన చదవాలి," "మేనకోడలి బాత్ మిత్స్వా" అని కబుర్లు మొదలవుతాయి. జవాబు తడబడినా, లోపలి గదుల గురించి, ఎంతమంది ఉంటారన్న దాని గురించి అవతలి మనిషే ఎదురు ప్రశ్నలు వేసినా, ఆగాలి. "ఒక్క నిమిషం ఇక్కడే ఉండండి, లోపలివారిని అడిగి వస్తాను" అని తలుపు మూసేయండి. వాదన అక్కర్లేదు, అనుమానం బయటపెట్టనక్కర్లేదు.

చూడాల్సింది ప్రవర్తన, రంగు కాదు. ఇథియోపియా, యెమెన్, భారతదేశం మూలాలున్న యూదులు, మతం స్వీకరించి వచ్చినవాళ్లు తమ సొంత సినగాగ్ గుమ్మంలోనే ప్రతివారం ప్రశ్నలు ఎదుర్కొని, మెల్లగా రావడం మానేస్తారు. ఇది చిన్న పొరపాటు కాదు, సమాజాన్ని లోపలి నుంచి చీల్చే తప్పు. భద్రతకూ చేటు: తెల్లగా, చక్కగా సూటు వేసుకుని వచ్చినవాడు ఏ ప్రశ్నా లేకుండా లోపలికి వెళ్లిపోతాడు. ఉపాయం తేలిక. కొత్తవాళ్లు ఎవరైనా అవే ప్రశ్నలు, అదే క్రమం. ఒకసారి వచ్చినవారి పేరు గుర్తుపెట్టుకుని రెండోసారి పేరుతో పలకరించండి.

బయటి నుంచి జీతానికి గార్డును పెట్టుకుంటే ఒక్క పేజీ రాసి చేతికివ్వండి. యూదు ఆచారం తెలియని గార్డుకు ఏది మామూలో తెలియదు, కాబట్టి ఏది తేడానో కూడా తెలియదు. యోమ్ కిప్పూర్ రోజు సూటు కింద గుడ్డ బూట్లు మామూలే, ఆరోజు తోలు చెప్పులు వేసుకోరు. సుక్కోత్ పండుగలో చేతిలో పొడవాటి ఈతమట్ట ఉండటం మామూలే. వారపు రోజుల్లో నల్లటి పెట్టెలు, తోలు పట్టీలు కనిపిస్తే అవి ప్రార్థనలో ఒంటికి కట్టుకునే తెఫిలిన్. దీనికి భిన్నంగా, ఆచారం గట్టిగా పాటించే సినగాగ్‌లో, షబ్బాత్ నాడు వస్తువులు మోసుకెళ్లే వీలు కోసం చుట్టూ కట్టే హద్దు తీగ లేని ఊళ్లో, షబ్బాత్ నాడు ఎవరూ ఏదీ మోసుకురారు. అక్కడ పెద్ద బ్యాగుతో వచ్చిన మనిషి దూరం నుంచే తేడాగా కనిపించాలి. పూరిమ్ పండుగకు పిల్లాపెద్దా వేషాలతో వస్తారు, ముసుగు గుమ్మం దగ్గర తీసి ముఖం చూపించాలని వారం ముందే ప్రకటించండి. యోమ్ కిప్పూర్ మధ్యాహ్నం విరామంలో జనం బయటికి పోయి మళ్లీ వస్తారు. ఉదయం ఉన్న జాగ్రత్త అప్పటికి ఉండదు. సాయంత్రపు వంతుకు కొత్త మనుషులను పెట్టండి, ఉపవాసంతో నీరసించినవాళ్లను కాదు.

2022 జనవరి 15న టెక్సస్‌లోని కొలీవిల్‌లో చలికి తలుపు తట్టిన అపరిచితుణ్ని రబ్బీ చార్లీ సైట్రన్-వాకర్ లోపలికి పిలిచి టీ ఇచ్చారు. ఆ మనిషి తుపాకీ తీసి నలుగురిని బందీలుగా పట్టుకున్నాడు. సుమారు 11 గంటల తర్వాత రబ్బీ అతని మీదికి కుర్చీ విసిరి, మిగిలినవారితో బయటపడ్డారు. అంతకుముందు తీసుకున్న భద్రతా శిక్షణే తమను కాపాడిందని ఆయన చెప్పారు. ఇందులో ఆతిథ్యాన్ని తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. టీ ఇవ్వండి. ఇచ్చేటప్పుడు రెండో మనిషి పక్కన ఉండాలి, ముందు గదిలో ఇవ్వాలి, మందిరం తలుపు మూసి ఉండాలి.

సభ్యులు ఆయుధాలు పెట్టుకోవడం గురించి అమెరికాలో చాలా సినగాగ్‌లలో చర్చ వస్తుంది. నిర్ణయం ఏదైనా కమిటీ రాతపూర్వకంగా తీసుకోవాలి. స్థానిక చట్టం, ఇన్సూరెన్స్, పోలీసులు, ముగ్గురినీ సంప్రదించాలి. ఎవరికి వారు రహస్యంగా తెచ్చుకోవడం మాత్రం ప్రమాదం. లోపలికి వచ్చే పోలీసుకు తుపాకీ పట్టుకున్న మనిషి మంచివాడో చెడ్డవాడో తెలియదు.

షబ్బాత్ నాడు ఫోన్

ప్రాణరక్షణ షబ్బాత్ నియమాలను పక్కకు నెడుతుంది. దీన్ని పికూవాఖ్ నెఫెష్ అంటారు, యూదు ధర్మశాస్త్ర గ్రంథం తాల్ముద్‌లోని యోమా భాగంలో దీని మీద వివరంగా చర్చ ఉంది. అయినా అలవాటు లేని చేయి తటపటాయిస్తుంది. 2018 అక్టోబర్ 27న పిట్స్‌బర్గ్‌లోని ట్రీ ఆఫ్ లైఫ్ సినగాగ్ మీద దాడి జరిగి 11 మంది చనిపోయిన ఉదయం, రబ్బీ జెఫ్రీ మైయర్స్ దగ్గర ఫోన్ ఉంది. షబ్బాత్‌కు కూడా దగ్గర ఉంచుకోమని భద్రతా శిక్షకుడు ముందే చెప్పి ఉన్నందువల్ల. ఆయన దానితోనే అమెరికా అత్యవసర నంబరు 911కు ఫోన్ చేశారు.

కాబట్టి వేదిక మీద నుంచి రబ్బీ నోటితోనే చెప్పించండి: ఎవరి దగ్గర ఫోన్ ఉంటుంది, ఎందుకు ఉంటుంది, ఎప్పుడు తీస్తారు. సభ్యులు ఆ మాట ఆయన నోట వింటే సందేహం పోతుంది. శుక్రవారం మధ్యాహ్నం ఛార్జ్ పెట్టి, శబ్దం ఆపి, గుమ్మం దగ్గర ఒకరికి, మందిరంలో ఒకరికి, పిల్లల గదిలో ఒకరికి ఇవ్వండి. ప్రతి గదిలో గోడమీద చిరునామా అంటించండి, ఏ వీధి వైపు ద్వారమో సహా. నిత్యం వచ్చే చోటి చిరునామా కూడా భయంలో నోటికి రాదు. ఫోన్‌లో ముందు చిరునామా చెప్పాలి, తర్వాతే ఏం జరుగుతోందో. లైన్ మధ్యలో తెగినా పోలీసులు బయల్దేరతారు.

సాధన

అమెరికాలో "పారిపో, దాక్కో, పోరాడు" అంటారు, బ్రిటన్‌లో "పారిపో, దాక్కో, చెప్పు". వరస ముఖ్యం. వీలుంటే బయటికి పోవడమే మొదటిది. చాలామంది దాక్కోవడమే మొదటిదనుకుంటారు, బెంచీల కింద పడుకుంటారు. బెంచీ ఎవరినీ కాపాడదు. వెనక తలుపు పది అడుగుల్లో ఉంటే అటే పోవాలి.

ఏడాదికి రెండుసార్లు, ప్రార్థన తర్వాత జరిగే కిద్దుష్ విందు అయ్యాక 15 నిమిషాలు సాధన చేయించండి. ఒకసారి బయటికి పోవడం, ఒకసారి లోపలే తలుపులు వేసుకోవడం. ముందే చెప్పి చేయించండి. హఠాత్తుగా చప్పుళ్లు చేసి, నకిలీ తుపాకులతో భయపెట్టే సాధనలు వద్దు. పిల్లలకు, యుద్ధాలు చూసొచ్చిన పెద్దలకు ఆ గాయం మిగిలిపోతుంది, నేర్చుకునేది మాత్రం ఏమీ ఉండదు. బ్రిటన్‌లో ఉగ్రదాడుల నుంచి జనాన్ని కాపాడేందుకు 2025లో వచ్చిన మార్టిన్ చట్టం అమల్లోకి వచ్చాక 200 మంది లేదా అంతకు మించి చేరే ప్రార్థనా స్థలాలు నాలుగు పనులకు పద్ధతి సిద్ధం చేసుకోవాలి: బయటికి పంపడం, బయటివాళ్లను లోపలికి తేవడం, మూసివేయడం, అందరికీ కబురు అందించడం. చట్టం వర్తించని దేశాల్లో కూడా ఈ నాలుగూ మంచి కొలమానమే.

సాధనలో అన్నిటికంటే ఎక్కువగా బెడిసికొట్టేది పిల్లల గది. తల్లిదండ్రులు దారి వదిలి, ప్రమాదం ఉన్న వైపే పిల్లల కోసం పరుగెత్తుతారు. ఏ తల్లినీ తప్పుపట్టలేం. అందుకే ముందే చూపించండి: పిల్లల గదికి సొంత గడియ ఉంది, సొంత ఫోన్ ఉంది, బయటికి సొంత దారి ఉంది, ఇద్దరు పెద్దలున్నారు, పిల్లల పేర్ల చిట్టా వాళ్ల దగ్గర ఉంది. తల్లిదండ్రులను ఆ గదిలో నిలబెట్టి గడియ వాళ్ల చేతే వేయించండి. అది ఎంత గట్టిదో చేత్తో తెలిస్తేనే కాళ్లు అటు పరుగెత్తకుండా ఆగుతాయి. బయట కలుసుకునే చోటు రెండు అనుకోండి. కారు పార్కింగ్ వద్దు, పోలీసు వాహనాలు వచ్చేది అక్కడికే.

రక్తం ఆపే సంచి

మందిరం గోడకు ఒకటి, వంటగదిలో ఒకటి వేలాడదీయండి. ఒక్కో సంచిలో చేతికి, కాలికి బిగించి రక్తం ఆపే టోర్నికే పట్టీలు రెండు, రక్తం గడ్డకట్టించే మందు అద్దిన గాజ్ గుడ్డ రెండు చుట్టలు, ఒత్తిడి కట్టు ఒకటి, తొడుగులు నాలుగు జతలు, బట్టలు కోసే కత్తెర, మార్కర్ పెన్ను.

చేయి లేదా కాలు నుంచి రక్తం ధారగా వస్తుంటే గాయానికి 2 నుంచి 3 అంగుళాల పైన, గుండె వైపు, టోర్నికే చుట్టండి. మోకాలి మీద, మోచేతి మీద కట్టకూడదు, కీలుకు పైన కట్టాలి. పట్టీకి ఉండే కడ్డీని రక్తం ఆగేదాకా తిప్పండి. బాగా నొప్పి పుడుతుంది, గాయపడినవారు వద్దని అరుస్తారు. అయినా ఆపకండి. వదులుగా కట్టిన టోర్నికే రక్తస్రావాన్ని ఇంకా పెంచుతుంది. కట్టిన సమయం దాని మీద రాయండి, వైద్యులు వచ్చేదాకా విప్పకండి. గజ్జల్లో, భుజం దగ్గర, మెడ మొదట్లో గాయమైతే టోర్నికే పట్టదు. గాజ్ గుడ్డను గాయం లోపలికి నిండా కూరి, రెండు చేతులతో బరువంతా వేసి నొక్కి పట్టుకోండి. ఆన్‌లైన్‌లో అతి చవకగా దొరికే నకిలీ టోర్నికేల కడ్డీ తిప్పగానే విరిగిపోతుంది. తయారీదారు అధీకృత అమ్మకందారు దగ్గరే కొనండి. సాధనకు వేరే పట్టీ ఉంచుకోండి, పదేపదే తిప్పి అరిగినది సంచిలో పెట్టకండి.

బెదిరింపులు, గోడమీద రాతలు

ఏడాది పొడుగునా ఎక్కువగా ఎదురయ్యేవి ఇవే: రాతలు, ఫోన్లు, ఈమెయిళ్లు, వీధిలో తిట్లు. అమెరికాలో యాంటీ డిఫమేషన్ లీగ్ 2024లో 9,354 యూదు వ్యతిరేక ఘటనలు నమోదు చేసింది. చెప్పకుండా వదిలేసినవి ఆ లెక్కలో లేవు.

గోడమీద నాజీల గుర్తు స్వస్తిక గీసి కనబడితే వెంటనే తుడిచేయాలనిపిస్తుంది, పిల్లల కంట పడకూడదని. ముందు గుడ్డ కప్పండి. దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి, పక్కన స్కేలు పెట్టి ఒకటి ఫోటో తీయండి. పోలీసులు చూశాకే కడగండి. ఆన్‌లైన్ బెదిరింపు అయితే ఖాతా పేరు, లింకు, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి, ఆ తర్వాతే ఆ వేదికకు ఫిర్యాదు చేయండి. ముందే ఫిర్యాదు చేస్తే పోస్టు మాయమవుతుంది, సాక్ష్యం దానితోపాటే పోతుంది. వాయిస్ మెయిల్ చెరిపేయకండి.

బాంబు ఉందని ఫోన్ వస్తే లైన్ పెట్టేయకండి. పక్కవారికి చీటీ రాసి పోలీసులకు ఫోన్ చేయించండి. ఎక్కడ పెట్టారు, ఎప్పుడు పేలుతుంది, ఎలా ఉంటుంది, ఎందుకు పెట్టారు అని అడుగుతూ, జవాబులు ఉన్నది ఉన్నట్టే రాయండి. గొంతు, యాస, వెనక వినబడే శబ్దాలు కూడా. ఈ ప్రశ్నల కాగితం ఆఫీసు ఫోన్ కిందే అంటించి ఉంచండి.

అమెరికాలో కాలేజీ హాస్టల్ గుమ్మానికి యూదులు బిగించుకునే లేఖన పెట్టె మెజూజాను పీకేసినా, తరగతిలో యూదు విద్యార్థిని యూదు అయినందుకే వేధించినా 1964 పౌరహక్కుల చట్టంలోని ఆరో అధ్యాయం కింద విద్యాశాఖకు ఫిర్యాదు చేయవచ్చు. గడువు మామూలుగా ఘటన జరిగిన 180 రోజుల లోపు. సెలవులు, పరీక్షలు చూసుకుని తర్వాత చేద్దామనుకుంటే ఆ గడువు దాటిపోతుంది. పోలీసు కేసు పెట్టినా, పెట్టకపోయినా రిజిస్టర్‌లో తేదీ, సమయం, చోటు, సాక్షులతో రాసుకోండి. తర్వాత గ్రాంట్ అడిగేటప్పుడు ఆ రిజిస్టరే మీ మొదటి కాగితం.

డబ్బు

అమెరికాలో ప్రభుత్వ విపత్తు నిర్వహణ సంస్థ ఫెమా నడిపే నాన్‌ప్రాఫిట్ సెక్యూరిటీ గ్రాంట్ ప్రోగ్రామ్ తలుపులు, తాళాలు, కెమెరాలు, శిక్షణ, కాంట్రాక్టు గార్డులకు డబ్బిస్తుంది. దరఖాస్తు మీ రాష్ట్ర పరిపాలనా సంస్థ ద్వారా వెళ్లాలి. భవనంలోని లోపాల మదింపు నివేదిక, సంస్థ లక్ష్యం తెలిపే పత్రం, పెట్టుబడి వివరణ కావాలి. సంస్థకు ప్రభుత్వమిచ్చే గుర్తింపు నంబరు, అంటే యూఈఐ, ముందే తీసుకోండి, ఆఖరి వారంలో అది చేతికి రాదు.

రెండు చోట్ల దెబ్బ తింటారు. ఒకటి, ఇది ముందు ఇచ్చే డబ్బు కాదు. మీరు ఖర్చు పెట్టాక తిరిగి ఇస్తారు. చిన్న సినగాగ్‌లు మంజూరు వచ్చాక కూడా కాంట్రాక్టరుకు ఇవ్వడానికి డబ్బు లేక ఆగిపోతాయి. రెండోది, పర్యావరణ, చారిత్రక కట్టడాల పరిశీలన పూర్తయి అనుమతి రాకముందే గోడకు రంధ్రం వేస్తే ఆ పని ఖర్చు తిరిగి రాదు. వందేళ్ల భవనాలకు ఇది మరీ ముఖ్యం. బ్రిటన్‌లో యూదు సమాజ భద్రతకు ప్రభుత్వమిచ్చే నిధిని కమ్యూనిటీ సెక్యూరిటీ ట్రస్ట్ నిర్వహిస్తుంది. 2024లో ప్రకటించిన ప్రకారం అది 2028 దాకా ఏటా కోటీ 80 లక్షల పౌండ్లు. పాఠశాలలకు, సినగాగ్‌లకు గార్డులను పెట్టడానికి అందులోంచి సాయం అందుతుంది.

ఇరుగుపొరుగు

పక్క చర్చి, మసీదు, గుడి, ఎదురింటివాళ్లు, వీధి చివర దుకాణం, వీళ్లందరికీ ఏడాది మొదట్లో యూదు పండుగల తేదీలు రాసిన కాగితం ఇవ్వండి. ఎప్పుడు జనం ఎక్కువగా వస్తారో, సిమ్హాత్ తోరా పండుగ రాత్రి పాటలు, నాట్యం వీధిలోకి ఎప్పుడు వస్తాయో వాళ్లకు ముందే తెలియాలి. అనుమానంగా ఏదైనా కనబడితే ఫోన్ చేయడానికి ఒక నంబరు ఇవ్వండి. రెండు కార్లు మూడు రోజులుగా మీ భవనం ముందు ఆగుతున్నాయని చెప్పేది కెమెరా కాదు, ఎదురింటి ఆవిడ. కోపెన్‌హాగన్ దాడి తర్వాత వారం తిరగకుండానే ఓస్లోలో ముస్లిం యువత పిలుపు మీద వెయ్యి మందికి పైగా వచ్చి సినగాగ్ చుట్టూ శాంతివలయంగా నిలబడ్డారు. అలాంటి బంధం ఆపదలో పుట్టదు, ముందు నుంచీ ఉంటేనే ఆపదలో కనబడుతుంది.

ఘటన జరిగిన వారం ప్రార్థన మానకండి. వేరే గదిలోనైనా, తక్కువమందితోనైనా జరపండి. రాలేనివాళ్లకు ఫోన్ చేసి అడగండి, రమ్మని బలవంతం చేయకండి. వంతుల పట్టికలో ఒకే నలుగురి పేర్లు తిరుగుతుంటే కొత్తవాళ్లను చేర్చండి. పదహారేళ్ల పిల్లలను పెద్దల పక్కన నిలబెట్టి పలకరించడం నేర్పించవచ్చు, బయటి కాపలా మాత్రం పెద్దవాళ్లకే.

ప్రార్థన అయిపోయాక ఆఖరి వంతువాళ్లు ఒకసారి చుట్టి రావాలి: స్నానాల గదులు, పిల్లల గది, మెట్ల కింద, వంటగది. తలుపుల కింద చెక్కముక్కలుంటే తీసి పారేయాలి. శనివారం రాత్రి నక్షత్రాలు వచ్చాక రిజిస్టర్‌లో ఏ తలుపు సరిగ్గా పడలేదో, కొత్తగా ఎవరెవరు వచ్చారో రాసి, వచ్చే వారం వంతువాళ్లకు ఆ రాత్రే చెప్పాలి.